గుండీ దగ్గర ఆగిన చెయ్యి



నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. మా దగ్గరికి తొమ్మిదేళ్ల బాబు ఒకడు వచ్చేవాడు. ఇరవయ్యో ఎక్కం దాకా గడగడా అప్పజెప్పేవాడు. చొక్కా గుండీలు పెట్టుకోమంటే మాత్రం, గుండీ కాజాలో సగం దూరేది, అంతలో ఎడమచెయ్యి కాజాని వదిలేసేది. మళ్లీ మొదటికి! నాలుగో గుండీకి వచ్చేసరికి నుదుటి నిండా చెమట. "వీడికి ఒళ్లు బద్ధకం తల్లీ, అన్నీ నేనే చేసిపెట్టి పాడుచేశాను" అంది వాళ్ల నాయనమ్మ. బద్ధకమైతే ఇంత చెమటెందుకు పడుతుందమ్మా అన్నాను.

దీన్ని డిస్‌ప్రాక్సియా అంటారు. కండబలం లేక కాదు, తెలివి లేక అసలే కాదు. ఏ వేలు ముందు కదలాలి, ఎంత గట్టిగా పట్టాలి అని మెదడు వేసుకునే లెక్కలోనే తేడా. మనకి సైకిలు ఒకసారి వస్తే ఇక దాని గురించి ఆలోచించం. వీళ్లకి ప్రతి పనీ అలా చేతికి అలవాటు కావడానికి చాలా కాలం పడుతుంది. బడి ఈడు పిల్లల్లో నూటికి 5, 6 మందికి ఇది ఉంటుందని అంచనా. అంటే నలభైమంది ఉన్న తరగతిలో ఇద్దరు! వాళ్లనే మనం మొద్దు అంటున్నాం, చేతకానివాడు అంటున్నాం.

పెద్దయితే అదే పోతుందిలే అంటారు. చాలామందికి పోదు. హ్యారీ పోటర్‌గా నటించిన డేనియల్ రాడ్‌క్లిఫ్ తనకిది కొద్దిగా ఉందని, బూటు లేసులు కట్టుకోవడం కష్టమని 2008లో చెప్పాడు. నాకు తెలిసిన ఒకమ్మాయికి పెళ్లిచూపుల్లో కాఫీ ట్రే మోయడమంటే గుండెదడ. చివరికి ఆ కాఫీలు వాళ్ల నాన్నగారే అందించారు. కొంపేం మునగలేదు, పెళ్లీ అయింది.

మరి ఏం చెయ్యాలి? చేతిరాత కుదరాలని పది పేజీలు కాపీ రాయించడం శిక్షే గానీ సాధన కాదు. ఆ బాబునే అడిగాం, ఎక్కడ తప్పుతోందో చూసి చెప్పమని. కాసేపు చూసుకుని "ఈ చెయ్యి ముందే వదిలేస్తోంది" అన్నాడు. ఆ ముక్క వాడంతట వాడు కనిపెట్టాకే దారి దొరికింది. చొక్కా బల్లమీద పరిచి, ఒక్క గుండీతో మొదలుపెట్టాం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాల్లో డిస్‌ప్రాక్సియాని పేరుపెట్టి చేర్చింది. ఈ సంగతి బళ్లలో చాలామందికి తెలియదు, అదే నా బాధ.

ఇక్కడున్న టీచర్లకి ఒక్క మనవి. నోట్‌బుక్‌లో కోడిగీతలని ఎర్రసిరాతో రాసేముందు, అదే జవాబు ఆ పిల్లాణ్ణి నోటితో చెప్పమనండి.