బిజినెస్ క్లాస్ టికెట్ ఒకరిది, లాంజ్‌లోకి ఇద్దరు వెళ్ళొచ్చా?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ప్రశ్న మీద. బిజినెస్ క్లాస్‌లో వెళ్ళేవాళ్ళు ఎయిర్‌పోర్ట్ లాంజ్‌లోకి తమతో పాటు ఇంకొకర్ని తీసుకెళ్ళొచ్చా? చాలామంది మెసేజ్ పెడుతున్నారు. ఒకతను, "బ్రో, ఆఫీసు వాళ్ళు నాకు బిజినెస్ ఇచ్చారు, మా ఆవిడకి నేను ఎకానమీ కొన్నా, తనని కూడా లాంజ్‌కి తీసుకెళ్ళొచ్చు కదా" అన్నాడు. ఇంకో అమ్మాయి, "అన్నా, నాన్నకి మోకాళ్ళ నొప్పులు, అందుకని ఆయనకొక్కరికే బిజినెస్ తీశాం. అమ్మ ఎకానమీ. దోహాలో ఐదు గంటలు ఆగాలి, ఇద్దరూ లాంజ్‌లో కూర్చుంటారులే అనుకున్నాం" అని రాసింది.

సాగదీయకుండా ఆన్సర్ చెప్పేస్తా. మామూలుగా అయితే వెళ్ళడానికి లేదు. బిజినెస్ క్లాస్ టికెట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళొక్కరినే లోపలికి పంపిస్తుంది. గెస్టుని తీసుకెళ్ళే హక్కు టికెట్‌తో రాదు, కార్డుతో వస్తుంది. కార్డు అంటే క్రెడిట్ కార్డు కాదు, ఎయిర్‌లైన్ ఇచ్చే గోల్డ్ లాంటి మెంబర్‌షిప్. ఈ ఒక్క తేడా తెలియక మనవాళ్ళు టికెట్లే తప్పుగా ప్లాన్ చేస్తున్నారు. లక్షలు పెట్టే వ్యవహారం కదా, అందుకే కాస్త వివరంగా చెప్తా.

ఆ అమ్మాయి కేసే తీసుకుందాం. దోహాలో ఖతార్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాస్ వాళ్ళకి అల్ ముర్జాన్ అనే లాంజ్ ఉంది. చాలా పెద్దది, బాగుంటుంది. నాన్నగారు బోర్డింగ్ పాస్ చూపిస్తే వెళ్ళిపోవచ్చు. అమ్మకి మాత్రం ఎంట్రీ లేదు. ఇప్పుడు ఏం జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మన ఇళ్ళల్లో నాన్న అమ్మని బయట కుర్చీలో వదిలేసి తను లోపలికెళ్ళి బిర్యానీ తింటారా? చచ్చినా వెళ్ళరు. "పర్లేదులే, ఇక్కడే కూర్చుందాం" అని ఇద్దరూ గేటు దగ్గర ఐదు గంటలు కూర్చుంటారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెప్పను కూడా చెప్పరు. అంటే ఆ టికెట్‌లో సీటుకి పెట్టిన డబ్బు పనికొచ్చింది, లాంజ్ మాత్రం పోయినట్టే.

ఇక రూల్స్. ప్రపంచంలో పెద్ద ఎయిర్‌లైన్ కూటములు మూడున్నాయి. మనకి ఎక్కువగా తగిలేవి రెండు. ఒకటి స్టార్ అలయన్స్. ఎయిర్ ఇండియా 2014 నుంచి ఇందులో ఉంది, లుఫ్తాన్సా, సింగపూర్ ఎయిర్‌లైన్స్, యునైటెడ్ కూడా ఇందులోవే. రెండోది వన్‌వరల్డ్. ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్ ఎయిర్‌లైన్స్, మలేసియా ఎయిర్‌లైన్స్ ఇటువైపు. ఎమిరేట్స్, ఎతిహాద్ ఏ కూటమిలోనూ లేవు, వాళ్ళ రూల్స్ వాళ్ళవి.

రెండు కూటముల్లోనూ ప్రాథమికంగా లెక్క ఒకటే. బిజినెస్ క్లాస్ అయితే మీరొక్కరే, గెస్టు లేరు. ఫస్ట్ క్లాస్ అయితే ఒక గెస్టు. స్టార్ అలయన్స్ గోల్డ్ మెంబర్ అయితే ఎకానమీలో వెళ్తున్నా సరే లాంజ్‌లోకి రావచ్చు, ఇంకొకర్ని తీసుకురావచ్చు. వన్‌వరల్డ్‌లో సఫైర్, ఎమరాల్డ్ మెంబర్లకీ అంతే. చిన్న తేడా ఏంటంటే, స్టార్‌లో గోల్డ్ మెంబర్ తెచ్చే గెస్టు అదే ఫ్లైట్‌లో వెళ్తుండాలి. వన్‌వరల్డ్‌లో గెస్టు వన్‌వరల్డ్ ఎయిర్‌లైన్ ఫ్లైట్‌లో వెళ్తుంటే చాలు. ప్రీమియం ఎకానమీ గురించి కూడా అడుగుతున్నారు. పేరులో ప్రీమియం ఉంది గానీ, సాధారణంగా దానికి లాంజ్ ఉండదు. మీకే లేనప్పుడు గెస్టు మాట ఎక్కడిది.

"ఇదెక్కడి న్యాయం? అంత డబ్బు పెట్టి బిజినెస్ కొన్నవాడికి గెస్టు లేదు, ఎకానమీలో వెళ్ళే గోల్డ్ వాడికి ఉందా?" అని మీకు అనిపించొచ్చు. ఎయిర్‌లైన్ వైపు నుంచి చూస్తే అర్థమవుతుంది. హైదరాబాద్ లాంటి చోట విదేశీ ఎయిర్‌లైన్‌కి సొంత లాంజ్ ఉండదు. ఎవరో నడిపే లాంజ్‌లోకి తన ప్యాసింజర్లని పంపి, తలకి ఇంత అని కడుతుంది. ఒక ఎయిర్‌లైన్ లాంజ్‌లోకి కూటమిలోని ఇంకో ఎయిర్‌లైన్ ప్యాసింజర్ వెళ్ళినా వాళ్ళ మధ్య లెక్కలు ఉంటాయి. అంటే మీ గెస్టు కూడా ఎవరో ఒకరు బిల్లు కట్టాల్సిన మనిషే. బిజినెస్ టికెట్ కొన్నవాడు ఈసారి వచ్చాడు, మళ్ళీ వస్తాడో రాడో తెలీదు. గోల్డ్ వాడు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాడు. గెస్టు అనేది ఆ రావడానికి ఇచ్చే బహుమతి. నాకు ఈ లాజిక్ నచ్చిందని చెప్పను, కానీ లాజిక్ మాత్రం ఉంది.

కాబట్టి ఆఫీసు బిజినెస్ ఇచ్చిన మన బ్రో దగ్గర స్టార్ గోల్డ్ కార్డు కూడా ఉంటే, భార్యని తీసుకెళ్ళొచ్చు. అప్పుడు కౌంటర్ దగ్గర "నాది బిజినెస్ క్లాస్" అని మొదలుపెట్టకూడదు. "నేను గోల్డ్ మెంబర్‌ని, తను నా గెస్టు, ఇద్దరిదీ ఒకే ఫ్లైట్" అనాలి. మనిషి అదే, బోర్డింగ్ పాస్ అదే, లోపలికెళ్ళే దారి మాత్రం వేరు.

ఇక్కడ కాసేపు నా పాత ఉద్యోగం బుర్రతో మాట్లాడతా. లాంజ్ రిసెప్షన్ దగ్గర బోర్డింగ్ పాస్ స్కాన్ చేస్తారు కదా, ఆ బార్‌కోడ్‌లో ఏముంటుందో తెలుసా? దానికి ఐయాటా పెట్టిన స్టాండర్డ్ ఫార్మాట్ ఉంది. మీ పేరు, పీఎన్ఆర్, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఫ్లైట్ నంబర్, తేదీ, క్యాబిన్ కోడ్, సీటు నంబర్ వరసగా ఉంటాయి. ఎయిర్‌లైన్ నింపితే మీ ఫ్రీక్వెంట్ ఫ్లయర్ నంబర్ కూడా అందులోనే ఉంటుంది. కాబట్టి అక్కడ కూర్చున్న అమ్మాయితో వాదించి లాభం లేదు. స్క్రీన్ మీద ఎర్రగా వచ్చిందంటే ఆమె చేతిలో ఏమీ లేదు. పైగా, మీకు గోల్డ్ ఉండి కూడా టికెట్‌కి ఆ నంబర్ యాడ్ చేయకపోతే సిస్టమ్ దృష్టిలో మీరు మామూలు ప్యాసింజరే. చెకిన్‌కి ముందే యాడ్ చేసుకోండి. స్టార్ గోల్డ్ అయితే బోర్డింగ్ పాస్ మీద చిన్న చుక్క గుర్తు పక్కన జీ అని ప్రింట్ అవుతుంది, అది వచ్చిందో లేదో చూసుకోండి. అన్నట్టు, బోర్డింగ్ పాస్ ఫొటో ఇన్‌స్టా స్టోరీలో పెట్టకండి ఫ్రెండ్స్. ఆ బార్‌కోడ్ చదివే యాప్‌లు ఫ్రీగా దొరుకుతాయి. పీఎన్ఆర్, ఇంటిపేరు దొరికితే మీ బుకింగ్ ఓపెన్ చేసేయొచ్చు.

సరే, ఇప్పుడు అసలు డేంజర్ పాయింట్. బిజినెస్ క్లాస్ కొన్నంత మాత్రాన మీకైనా లాంజ్ ఉంటుందని గ్యారంటీ లేదు. ఖతార్‌లో బిజినెస్ లైట్ అని ఒక ఫేర్ ఉంది, ఎమిరేట్స్‌లో బిజినెస్ స్పెషల్ అని ఉంది. రెండిట్లోనూ సీటు అదే, భోజనం అదే. లాంజ్ మాత్రం కట్. బుకింగ్ యాప్‌లో చవగ్గా కనిపించేది సాధారణంగా ఇదే. థర్డ్ పార్టీ సైట్లలో ఫేర్ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, నొక్కితే గానీ కనపడదు. అమ్మానాన్నలకి సర్‌ప్రైజ్‌గా బుక్ చేసేవాళ్ళు ముందు ఆ లైను చదవండి. ఇక విమానం ఎక్కాక లోపల డబ్బు కట్టి అప్‌గ్రేడ్ అయ్యారనుకోండి, లాంజ్ అప్పటికే వెనకబడిపోయింది కదా.

ఇంకో తమాషా, ఒకే ఎయిర్‌పోర్ట్‌లో ఒకే ఎయిర్‌లైన్‌కి రెండు మూడు రకాల లాంజులుంటాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుఫ్తాన్సాకి బిజినెస్ లాంజ్ ఉంది, సెనేటర్ లాంజ్ ఉంది. కార్డు లేని బిజినెస్ ప్యాసింజర్ బిజినెస్ లాంజ్‌కే వెళ్ళాలి. స్టార్ గోల్డ్ ఉన్న ఎకానమీ ప్యాసింజర్ మాత్రం ఒక గెస్టుతో సెనేటర్‌కి వెళ్ళొచ్చు, అది ఒక మెట్టు పైది. సింగపూర్‌లో ఉల్టా. చాంగీలో సిల్వర్‌క్రిస్ లాంజ్ బిజినెస్ టికెట్ వాళ్ళది. స్టార్ గోల్డ్ కార్డుతో ఎకానమీలో వచ్చేవాళ్ళని క్రిస్‌ఫ్లయర్ గోల్డ్ లాంజ్‌కి పంపుతారు, అది కొంచెం సాదా. కాబట్టి బిజినెస్ టికెట్టూ గోల్డ్ కార్డూ రెండూ ఉన్న భర్త, ఎకానమీలో ఉన్న భార్యతో కలిసి కూర్చోవాలంటే సిల్వర్‌క్రిస్ వదిలేసి ఆ సాదా దానికి రావాలి. రావాలి మరి! దానికి కూడా ఆలోచిస్తే ఇంటికెళ్ళాక ఆ కథ వేరే ఉంటుంది.

మీరు అమ్మానాన్నలతో కలిసి వెళ్తున్నారు, మీకు స్టార్ గోల్డ్ ఉంది అనుకుందాం. గెస్టు ఒక్కరే, తల్లిదండ్రులు ఇద్దరు. ఎవర్ని బయట ఉంచుతారు? ఇక్కడ లెక్క ఇలా కుదురుతుంది. నడుమో మోకాలో బాగోని వాళ్ళకి బిజినెస్ టికెట్ తీయండి, వాళ్ళు సొంతంగా లోపలికొస్తారు. మీరు ఎకానమీలోనే ఉండి, కార్డుతో లోపలికెళ్ళి, ఎకానమీలో ఉన్న రెండోవాళ్ళని గెస్టుగా తీసుకెళ్ళండి. ఒకే ఒక్క బిజినెస్ టికెట్‌తో ముగ్గురూ లోపల ఉంటారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అయితే సెనేటర్ జోలికి పోకుండా ముగ్గురూ బిజినెస్ లాంజ్‌లోనే కూర్చోండి. గోల్డ్ వాళ్ళు కింది మెట్టు లాంజ్‌కి వెళ్ళడానికి అడ్డు లేదు.

కార్డు లేదు, మీరు కూడా వెళ్ళట్లేదు, పెద్దవాళ్ళిద్దరే వెళ్తున్నారు. మన ఇళ్ళల్లో ఎక్కువ ఇదే కదా, పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. అప్పుడు నా సలహా, ఒకరికి బిజినెస్, ఒకరికి ఎకానమీ అనే ప్లాన్ లాంజ్ కోసమైతే అసలు వద్దు. ఆరోగ్యం కోసం, కాళ్ళు చాపుకోవడం కోసం అయితే తీయండి, అది వేరే సంగతి. లాంజ్ మాత్రం ఇద్దరికీ విడిగా కొనేయండి. డబ్బు కట్టి వెళ్ళే లాంజులు పెద్ద ఎయిర్‌పోర్ట్‌లలో ఉన్నాయి. దుబాయ్‌లో మర్హబా, దోహాలో అల్ మహా, హీత్రూలో ప్లాజా ప్రీమియం. ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసి, కన్ఫర్మేషన్ వాట్సాప్‌లో పంపి, ప్రింట్ కూడా చేతికివ్వండి. ఫోన్ చార్జింగ్ అయిపోతే ప్రింటే దిక్కు. సాధారణంగా వీటికి ఇన్ని గంటలే అని లిమిట్ ఉంటుంది, కనెక్షన్ టైమ్ చూసుకుని స్లాట్ తీసుకోండి. దుబాయ్‌లో ఎమిరేట్స్ తన సొంత లాంజుల్లోకి కూడా డబ్బు కడితే రానిస్తుంది.

"నా క్రెడిట్ కార్డుకి ప్రయారిటీ పాస్ వచ్చింది, అది అమ్మకి ఇచ్చి పంపిస్తా" అంటారు కొందరు. కుదరదు. పాస్ మీద ఉన్న పేరూ బోర్డింగ్ పాస్ మీద ఉన్న పేరూ ఒకటే అయ్యుండాలి. కొన్ని బ్యాంకులు యాడ్-ఆన్ కార్డు వాళ్ళకి విడిగా పాస్ ఇస్తాయి. అమ్మ పేరు మీద యాడ్-ఆన్ తీసుకుంటే పని జరుగుతుంది, కానీ ప్రయాణానికి చాలా ముందే అప్లై చేయాలి. గెస్టుకి చార్జ్ ఉంటుందా, ఎంత అన్నది కార్డుని బట్టి మారుతుంది, అది బ్యాంకు యాప్‌లో చూడండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఒక మాట. మీ గోల్డ్ యునైటెడ్ ప్రోగ్రామ్‌లోదైతే, అమెరికా లోపల తిరిగే డొమెస్టిక్ ఫ్లైట్‌కి ఆ కార్డుతో యునైటెడ్ క్లబ్‌లోకి రానివ్వరు. అదే స్టార్ గోల్డ్ ఎయిర్ ఇండియా లాంటి వేరే ఎయిర్‌లైన్ ప్రోగ్రామ్‌లోదైతే రానిస్తారు, గెస్టుతో సహా. విచిత్రంగా ఉంటుంది గానీ రూల్ అదే. అందుకే పాయింట్లు ఏ ప్రోగ్రామ్‌లో వేసుకోవాలో ముందే ఆలోచించుకోండి.

చిన్నపిల్లలు, అంటే రెండేళ్ళలోపు వాళ్ళని చాలా చోట్ల గెస్టుగా లెక్కపెట్టరు. ఆ పైన వయసైతే లెక్కే. సాగనంపడానికి వచ్చిన బాబాయి, పిన్ని గురించి కూడా ఒకరు అడిగారు. లేదు ఫ్రెండ్స్. శంషాబాద్ నుంచి వెళ్ళే ఇంటర్నేషనల్ ఫ్లైట్‌కి ఈ లాంజ్ ఇమిగ్రేషన్, సెక్యూరిటీ దాటాక ఉంటుంది. టికెట్ లేనివాళ్ళు అంతదాకా రాలేరు.

బుక్ చేసే ముందు ఎయిర్‌లైన్ వాళ్ళకి ఫోన్ కంటే చాట్ చేయండి, స్క్రీన్‌షాట్ మిగులుతుంది. "లాంజ్ ఉందా?" అని ఊరికే అడిగితే "ఉంది సర్" అనేస్తారు. ఇలా అడగండి: "ఈ ఫేర్‌కి ట్రాన్సిట్ ఎయిర్‌పోర్ట్‌లో ఏ లాంజ్ ఇస్తున్నారు? అదే బుకింగ్‌లో ఎకానమీలో ఉన్న మా అమ్మ డబ్బు కట్టి అదే లాంజ్‌లోకి రావచ్చా? రావచ్చంటే ఎంత, ముందే కట్టాలా అక్కడే కట్టాలా?" జవాబు వచ్చాకే పేమెంట్ బటన్ నొక్కండి. వచ్చే ఎపిసోడ్‌లో పెద్దవాళ్ళకి వీల్‌చైర్ ఎలా బుక్ చేయాలో చూద్దాం. ఉంటా మరి, బై.