ప్రతి జనవరికీ మళ్లీ మొదటికే

అమెరికాలో ముఖ్యంగా వృద్ధులకు ఆరోగ్య బీమా ఇచ్చే మెడికేర్ అడ్వాంటేజ్ కంపెనీలకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము రోగుల జబ్బులను బట్టి ఉంటుంది. ఆ లెక్క ఏటా కొత్తగా మొదలవుతుంది. నిరుడు తీసేసిన కాలు ఈ ఏడు మొలవదు కదా! అయినా డాక్టర్ ఆ సంగతి రోగి రికార్డులో మళ్లీ రాయాల్సిందే. హైదరాబాద్‌లో ఎందరో మెడికల్ కోడర్లు చదివి, జబ్బులకు కోడ్‌లు వేసేది ఆ రికార్డులకే. ఉత్త షుగర్ అని రాస్తే కోడ్ ఇ11.9. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కూడా ఉందంటే ఇ11.22, దానికి తోడు అది ఏ దశలో ఉందో చెప్పే ఇంకో కోడ్. "గతంలో షుగర్ ఉండేది" అని రాశారో, ఇప్పుడు లేదనే లెక్క. కింద షుగర్ మందు మెట్‌ఫార్మిన్ కనబడినా కోడర్ ఊహించి కోడ్ వేయకూడదు. జబ్బు పేరొక్కటే ఉండి, పరీక్షో మందో సలహానో కనబడకపోతే ఆ కోడ్‌ను ఆడిటర్ కొట్టేస్తాడు. కోడర్లూ, అనుమానం వస్తే డాక్టర్‌నే అడిగించండి.