చాలినంత సరంజామా

నల్లమల అంచున నున్న పెద్దదోర్నాల కూడలి మా శ్రోతలలో పెక్కుమందికి తెలిసినదే. మార్కాపురము నుండి వచ్చువారును, ఆత్మకూరు మీదుగా కర్నూలు దిక్కునుండి వచ్చువారును శ్రీశైలమునకు పోవుటకు ఇచ్చటనే ఘాట్ రోడ్డు పట్టుదురు. రాత్రి 9 గంటలు కాగానే అడవిదారికి గేటు వేయుదురు. తెల్లవారి 6 గంటలకుగాని తీయరు. పులుల అభయారణ్యపు కట్టుబాటు అది. ఆలస్యముగా వచ్చి అచ్చట చిక్కుకొన్న యాత్రికులను చూచినచో వారి మూటల సంగతి బయటపడును. ఒక కుటుంబము ఇల్లంతయు వెంట గొనివచ్చి, దానిని దింపలేక ఎక్కింపలేక ఆయాసపడుచుండును. మరియొకడు భుజమున సంచి మాత్రము వేసికొని వచ్చి, కార్తికపు చలిలో దుప్పటి లేక టీకొట్టు పొయ్యి దగ్గర రాత్రి గడుపును. ఈ రెండవవాని తప్పును మేమొక కంప్యూటరు విషయమున చేసితిమి. ఆ ముచ్చటయే నేటి ప్రసంగము.

కూడలికి దాపున మాకు పరిచయముగల యొక జెరాక్సు దుకాణము కలదు. ఆధార్ నకళ్లు, పాసుపుస్తకముల ప్రతులు, పరీక్షల హాల్‌టికెట్లు, కొలువులకు దరఖాస్తులు. ఊరివారికిని చుట్టుప్రక్కల చెంచుగూడెములవారికిని ఇవన్నియు అచ్చటనే జరుగవలెను. దుకాణదారునకు ఉన్న కంప్యూటరు ఒక్కటే. దానికి జ్ఞాపకశక్తి 2 జీబీ. లోపల పాతకాలపు తిరుగుడు హార్డుడిస్కు. విండోస్ 10 దానిమీద నత్తనడక నడచుచుండెను. 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టువారు ఆ విండోస్ 10కు సాధారణముగా ఇచ్చు రక్షణ సవరణలను ముగించిరి. తరువాతిదైన విండోస్ 11కు కనీసము 4 జీబీ జ్ఞాపకశక్తియు, టీపీఎం 2.0 అను రక్షణ సాధనమును కావలెను. ఈ రెండును ఆ పెట్టెలో లేవు. క్రొత్తది కొనుటకు ఆయనకు అప్పటికి వీలును లేదు.

“సార్, పదిమంది ఆధార్లూ, బ్యాంకు పుస్తకాలూ దీంట్లోనే పెడతా. ఇక దీనికి కాపలా లేదంటున్నారు. ఏం చెయ్యమంటారు?” అని ఆయన అడిగెను.

లినక్స్ వేసినచో సరిపోవునని మేము ధైర్యము చెప్పితిమి. 2025 కార్తికమాసమున ఒక ఆదివారమునాడు, ఆయన ఫైళ్లన్నిటిని వేరొక డిస్కునకు ఎక్కించి భద్రపరచి, దుకాణము మూసిన పిమ్మట పని మొదలుపెట్టితిమి.

లినక్స్ అనునది 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వ్రాయ మొదలిడిన కెర్నెల్. అనగా యంత్రమును లోనుండి నడపు మూలభాగము. దానికి తక్కిన ప్రోగ్రాములను కూర్చి ప్రజలకు అందించు కూటములు అనేకము కలవు. అందు డెబియన్ ఒకటి. 1993 ఆగస్టులో ఇయన్ మర్డాక్ దానిని ప్రకటించెను. స్వచ్ఛందముగ పనిచేయువారు నేటికిని దానిని సాగించుచున్నారు. దానికి వెల లేదు. రక్షణ సవరణలు వచ్చుచుండును. మేము వేసినది 2025 ఆగస్టు 9న వెలువడిన 13వ విడుదల. ఇచ్చట ఒక మాట: ఈ విడుదల మొదలుకొని 32 బిట్ల పాత పీసీలకు స్థాపన సాధనము నిచ్చుట మానివేసిరి. మీ యింట అంత పాతది యున్నచో 12వ విడుదలనే చూచుకొనవలసి యుండును.

డెబియన్‌లో ప్రతి ప్రోగ్రామును ఒక ప్యాకేజీగ కట్టి యుంచుదురు. ఒక ప్యాకేజీకి మరియొకదానితో గల చుట్టరికమును ముఖ్యముగ మూడు తరగతులుగా వ్రాయుదురు. మొదటిది ఆధారము. అది లేనిదే ఇది నడువదు. లాంతరుకు కిరసనాయిలు వలె. రెండవది సిఫారసు. అది లేకున్నను ప్రోగ్రాము లేచి నిలుచును; కాని సామాన్యముగ ఆ రెండును కలిసియే యుండవలెనని కట్టినవారి అభిప్రాయము. ఇది లాంతరుకు గాజుచిమ్నీ వంటిది. గాజు లేకున్నను వత్తి వెలుగును, గాలి వీచువరకు. మూడవది సూచన. లాంతరును తగిలించుటకు గోడకు కొట్టిన మేకు వంటిది. ఉన్న మంచిది, లేకున్న చింత లేదు.

ఈ ప్యాకేజీలను దింపి అమర్చు సాధనమునకు ఆప్ట్ అని పేరు. పూర్వము అది ఆధారములను మాత్రము తెచ్చెడిది. 2009లో వచ్చిన 5వ విడుదల నుండి సిఫారసులను కూడ తనంతట తెచ్చుచున్నది. క్రొత్తవారికి ఇది మేలే. కాని సిఫారసైన ప్యాకేజీకి దాని సిఫారసులుండును, వానికి మరల కొన్ని యుండును. పెండ్లికొడుకు నొక్కని పిలిచితిమనుకొన్నచో తోడిపెండ్లికొడుకు, వాని మేనమామ, ఆ మేనమామ స్నేహితులు వరుసగా బండి దిగినట్లుండును. డెబియన్‌లో మామూలుగా దొరకు గ్నోమ్ డెస్క్‌టాప్‌ను పరివారముతో పిలిచినచో, జెరాక్సు దుకాణమున కక్కరలేని వెన్నియో దిగును. అయితే డిస్కుమీద ఊరక పడియున్న ప్రోగ్రాము జ్ఞాపకశక్తిని తినదు. యంత్రము లేవగానే తామును లేచి, కంటికి కనబడక వెనుక పనిచేయునవే దానిని తినును. ఈ భేదము తెలియక, సంఖ్య తగ్గినదే ఘనతగా ప్యాకేజీలను కోసివేయువారు కలరు. ఆ రాత్రి మేమును వారిలో చేరితిమి.

చేయవలసిన పని చూచుటకు సులభమే. స్థాపన సమయమున ఏ సామగ్రి కావలెనని యంత్రము ఒక పట్టిక చూపును. అందు డెస్క్‌టాపుల పేర్లకెదురుగా నున్న గుర్తులను తీసివేసి, సాధారణ ఉపకరణములను మాత్రము ఉంచవలెను. యంత్రము నల్లని తెరమీద అక్షరములతో మాత్రము లేచును. పిమ్మట తేలికయైన ఎక్స్‌ఎఫ్‌సీఈ అను డెస్క్‌టాప్‌ను ఆప్ట్‌తో పిలుచునపుడు, ఆజ్ఞలో రెండు హైఫనులు పెట్టి ‘నో-ఇన్‌స్టాల్-రికమెండ్స్’ అను మాట చేర్చవలెను. సిఫారసులు వలదని దాని యర్థము. ఇట్లు చేసి, ప్యాకేజీల సంఖ్య తగ్గినందుకు సంతసించి, డెస్క్‌టాప్‌ను లేపుటకు ‘స్టార్ట్‌ఎక్స్’ అని కొట్టితిమి. అట్టి ఆజ్ఞ లేదని యంత్రము సమాధానమిచ్చినది.

తెరమీద బొమ్మను చూపు ఎక్సార్గ్ అను భాగము కూడ ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్యాకేజీలో ఆధారముగ గాక సిఫారసుగనే వ్రాయబడి యున్నది! దీనికి కారణము లేకపోలేదు. ఒక యంత్రమున ప్రోగ్రాములను నడిపి, వేరొక యంత్రపు తెరమీద చూచుకొనువారును ఉందురు. వారికి ఇచ్చట తెర అక్కరలేదు. దోర్నాల దుకాణదారుడు వారిలో ఒకడు కాడు. ఎక్సార్గ్‌ను పేరుపెట్టి పిలిచితిమి. బొమ్మ వచ్చినది. బ్రౌజరును, ముద్రణకు కావలసిన కప్స్‌ను చేర్చితిమి. పాత యంత్రము అంత చురుకుగ కదలుట చూచి దుకాణదారుడు మురిసిపోయెను. అర్ధరాత్రి దాటినది. తక్కినవి పరీక్షింపక నిద్రించితిమి.

మరునాడు కార్తిక సోమవారము. కూడలిలో బస్సుల రద్దీ చెప్పనక్కరలేదు. ఎనిమిది గంటలకు దుకాణము తెరచిన కొంతసేపటికి ఒక గూడెము నుండి ఒక బాలిక వచ్చినది. చేత పెన్‌డ్రైవు. అందు ఆమె ధ్రువపత్రములు, తెలుగున వ్రాసిన విన్నపపత్రము ఉన్నవి. ఉపకారవేతనమునకు దరఖాస్తు పంపుటకు ఆనాటి సాయంకాలమే గడువు.

“సార్, పెన్‌డ్రైవు పెడితే పలకడంలా” అని దుకాణదారుడు మమ్ము పిలిచెను.

ఫైళ్లను చూపు థునార్ అను ప్రోగ్రాము తెరచుకొన్నది. పెన్‌డ్రైవు మాత్రము అందు కానరాలేదు. అటువంటివాటిని గుర్తించి తెరచి యిచ్చు జీవీఎఫ్‌ఎస్, యూడిస్క్స్ అను రెండును థునార్‌కు సిఫారసులే. మేము తలుపు దగ్గరనే వానిని త్రిప్పి పంపివేసితిమి. జెరాక్సు దుకాణమునకు పెన్‌డ్రైవు చదువుట అదనపు సౌకర్యము కాదు, జీవనాధారము. కాని ప్యాకేజీ కట్టినవారికి దోర్నాలలోని గిరాకి యెట్లు తెలియును? అది తెలిసినవారము మేము. వానిని చేర్చితిమి, పెన్‌డ్రైవు తెరచుకొన్నది. బాలిక తన పత్రము మీద నొక్కెను.

“అన్నా, ఇదేంది? అన్నీ గళ్లే. ఒక్క అక్షరం గూడా లేదు” అనెను.

తెరనిండ వరుసలుగా ఖాళీ గళ్లు! తెలుగు అక్షరరూపముల ఖతి ఒక్కటియు ఆ యంత్రమున లేదు. ఇంగ్లీషు అక్షరములు మాత్రము నిక్షేపముగ నున్నవి. ఆ బాలిక మా వైపు చూచినది. పత్రము చెడినదని ఆమె భయము. చెడలేదు, అక్షరములు ఫైలులో భద్రముగానే యున్నవని చెప్పితిమి గాని, గళ్లను చూచుచున్న కన్నులకు ఆ మాట ఎట్లు నమ్మకము కలిగించును?

ఇది మేము విశదముగ చెప్పదలచిన విషయము. కంప్యూటరులో తెలుగుకు 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే స్థానము కల్పించిరి. ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య కలదు. ‘శ్రీ’ అను ఒక్క అక్షరము ఫైలులో నాలుగు సంఖ్యలుగా నుండును: శకారము, పొల్లు, రకారము, ఈకారపు గుడి. ఈ నాలుగింటిని ముడివేసి ఒక రూపము చేయు ప్రోగ్రాము కావలెను; ఆ రూపము గల ఖతియు కావలెను. ముడివేయునది బ్రౌజరు మున్నగువానితో వచ్చును. ఖతి మాత్రము దేనికిని ఆధారము కాదు. తెలుగు చదువనివాని యంత్రమున అది లేకున్నను ఏ ప్రోగ్రామును ఆగదు గదా! అందుచేత లెక్క ప్రకారము మన లిపి గాజుచిమ్నీల వరుసలో, ఒక్కొకచో గోడమేకుల వరుసలో నిలుచుచున్నది.

స్థాపననే తెలుగున చేయవచ్చును. డెబియన్‌వారి బొమ్మల తెరగల స్థాపన సాధనమున తెలుగు కలదు. ఒట్టి అక్షరముల తెరగల సాధనమున లేదు, ఆ తెర మన గుణింతములను కూర్పజాలదు. తేలికదనమునకై మేము ఎన్నుకొన్నది ఆ రెండవదానినే. పోనీ, భాషను బట్టి కావలసినవానిని దింపు మూట ప్యాకేజీలున్నవి గదా యందురేమో. వానిలోపలి సరకు అధికభాగము సిఫారసులుగనే కట్టబడి యుండును. సిఫారసులు వలదన్నవానికి ఆ మూట దాదాపు ఖాళీగనే చేరును. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగువారికై ప్రత్యేకముగ లినక్స్ కూర్పును రూపొందించిరి. అట్టి కూర్పున తెలుగు మొదటినుండియు ఉండును. సొంతముగ కోతలు కోసికొనువాడు తన భాషను తానే తలచుకొని పిలువవలెను.

పిలుచుట కష్టమా? కాదు. ‘ఫాంట్స్-లోహిత్-తెలు’ అను చిన్న ప్యాకేజీలో లోహిత్ ఖతి కలదు. ‘ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా’ అనుదానిలో తిరుమల కృష్ణ దేశికాచారి గారు రూపొందించిన పోతన, వేమన ఖతులు కలవు. ఈ రెండును కలిపినను పాత యంత్రమునకు బరువని చెప్పదగినవి కావు. వ్రాయుటకు ఇన్‌స్క్రిప్టు పలక ఎక్సార్గ్‌తోనే వచ్చు కీబోర్డు అమరికలలో నుండును. దానికి క్రొత్తగ దింపవలసినదేమియు లేదు. ఇంగ్లీషు అక్షరములు కొట్టి తెలుగు రాబట్టువారికి మాత్రము ఐబస్, ఎం17ఎన్ అనునవి కావలెను.

ఖతులు చేర్చి బ్రౌజరును మూసి తెరచితిమి. గళ్లు పోయి పంక్తులు నిలిచినవి. బాలిక వ్రేలితో చూపుచు తన పేరు, తండ్రి పేరు, గూడెము పేరు మెల్లగా చదువుకొన్నది. మధ్యాహ్నము లోపల దరఖాస్తు చేరినది. అందినట్లు వచ్చిన కాగితమును ముద్రించి ఇచ్చితిమి. డబ్బులు తీసికొనుటకు దుకాణదారుడు ఒప్పుకొనలేదు. తప్పు మాది గనుక మేమిచ్చితిమి, అదియు తీసికొనలేదు.

ఆనాటి సాయంకాలము మేలుకొని మరియొక పరీక్ష చేసితిమి. ఇంటర్నెట్టున మా కేంద్రపు ప్రసారము పెట్టిచూచితిమి. గడియ సాగుచున్నది, మాట లేదు. ధ్వనికి వలసిన పైప్‌వైర్‌ను కూడ విడిచితిమి! రేడియోవారు అమర్చిన యంత్రమున రేడియో మూగవోయినదని దుకాణదారుడు వచ్చిన గిరాకికెల్ల చెప్పి నవ్వించెను.

మీ యింట పాత కంప్యూటరు మూలబడి యున్నచో ఈ పద్ధతి తప్పక ప్రయత్నింపదగినది. మేము నేటికిని దానినే ఇష్టపడుదుము. కాని పనిదినమునకు ముందురాత్రి వలదు. మొదట డెబియన్‌వారి లైవ్ ప్రతిని పెన్‌డ్రైవున ఎక్కించి, డిస్కును తాకక, యంత్రము దానితో పొసగునో లేదో చూచుకొనుడు. సిఫారసులు వలదని చెప్పినప్పుడు ఆప్ట్ తాను విడిచిపెట్టుచున్నవాని పేర్లను తెరమీద చూపును. మేము చదువక ‘అవును’ అని కొట్టినది ఆ పట్టికనే. పది నిమిషములు దానియెదుట కూర్చుండి, ఒక్కొక పేరు యేమి పనిచేయునో విచారించి, మీ యింటికి గాజుచిమ్నీ యేదో ఏరి, దానిని పేరుపెట్టి చేర్చుకొనుడు. రోజంతయు మీరు ఆ యంత్రముతో చేయు పనులను ముందుగా ఒక కాగితముమీద వ్రాసికొన్నచో ఏరుట సులభమగును.

దుకాణదారుడు కాగితము వాడలేదు. మార్కాపురపు పలక నొకదానిని గోడకు తగిలించి, మరల పిలిచి తెచ్చుకొన్న ప్యాకేజీల పేర్లను బలపముతో దానిమీద వ్రాసియుంచెను. మేము వచ్చునాటికి అందు తొమ్మిది పేర్లున్నవి. మొన్న ఫోను చేసి, స్కానరు కదలుట లేదనియు, పలకమీద ఇంకను చోటున్నదనియు చెప్పెను.