కిలోల్లో అమ్ముతున్నాం, లీటర్లలో కొంటున్నాం
(ఏలూరు ప్రాంత రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెదవేగి వైపు పామాయిల్ రైతులం, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల వరి వేసేవాళ్లం, కొల్లేరు లంక గ్రామాల వాళ్లం ఇవాళ ఒకచోట కూర్చున్నాం. పంటలు వేరైనా మూకుట్లో పోసే నూనె అందరికీ కావాలి. ఆ నూనె కొలత చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నెలనెలా మన జేబుకి చిల్లు పెడుతోంది.

మన గెలల్ని ఫ్యాక్టరీ ఎలా కొంటుంది? కాటా వేసి, టన్నుల్లో. ధర ఎలా కడతారు? ముడి నూనె టన్ను ధరని బట్టి. 2021లో కేంద్రం తెచ్చిన ఆయిల్ పామ్ మిషన్‌లో గెలల ధర ముడి నూనె ధరలో 14.3 శాతం అని సూత్రం పెట్టారు. ముడి నూనె టన్ను లక్ష రూపాయలైతే గెలల టన్నుకి 14,300. అంతా తూకమే. అదే నూనె ప్యాకెట్టయి మన ఊరి కొట్టుకి వచ్చేసరికి లీటరైపోతుంది!

లీటరు నీళ్లు కిలో తూగుతాయి. నూనె నీళ్ల మీద తేలుతుంది, అంటే తేలిక. లీటరు నూనె సుమారు 910 గ్రాములే. కిలో నూనె కావాలంటే దాదాపు 1,100 మిల్లీలీటర్లు పోయాలి. విడి నూనె కొట్లో కిలో అడిగితే లీటరు కొలతతో పోసి కిలో డబ్బులు తీసుకుంటే 90 గ్రాములు పోయినట్టే. కిలో 150 రూపాయలైతే పదమూడున్నర రూపాయలు.

పెళ్లికో పండక్కో డబ్బా కొంటాం. 15 కిలోల డబ్బా ఉంది, 15 లీటర్ల డబ్బా ఉంది. చూడ్డానికి ఒకటే. లీటర్ల డబ్బాలో ఉండేది 13 కిలోల 650 గ్రాములు. తేడా 1,350 గ్రాములు. ధర అడిగేముందు ఏ డబ్బా అని అడగాలి.

ఇంకో కిటుకు ఉంది. వేడికి నూనె వ్యాకోచిస్తుంది, తూకం మాత్రం మారదు. సోయా నూనె లీటరు 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములుంటే, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే. కొందరు ప్యాకెట్ మీద 60 డిగ్రీలని రాసి, తక్కువ నూనె నింపి లీటరన్నారు. అందుకే 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల శాఖ, ఉష్ణోగ్రత రాయకుండా పరిమాణం వేయాలని, దాంతోపాటు బరువు కూడా వేయాలని కంపెనీలకి చెప్పింది.

అదే 2022లో నూనెని ఫలానా సైజుల్లోనే ప్యాక్ చెయ్యాలన్న నిబంధన తీసేశారు. ఇప్పుడు లీటరు ప్యాకెట్ పక్కనే అచ్చం అలాంటిదే 850 గ్రాములది పెడుతున్నారు. లెక్క చూడండి. 910 గ్రాములది 137 రూపాయలు, 850 గ్రాములది 130 అనుకుందాం. ఏడు రూపాయలు కలిసొచ్చిందనుకుంటాం. కిలో లెక్కన మొదటిది 150 రూపాయల 55 పైసలు, రెండోది 152 రూపాయల 94 పైసలు. చవకనుకున్నదే ఖరీదు.

పామాయిల్ రైతులకి ఇంకో మాట. టన్ను గెలలకి 19 శాతం నూనె వస్తే 190 కిలోలు. అది 190 లీటర్లు కాదు, దాదాపు 209 లీటర్లు. శుద్ధి చేసేటప్పుడు కొంత తరుగు పోతుంది, నిజమే. కానీ ధరల చర్చకి కూర్చున్నప్పుడు కిలోల్ని లీటర్లుగా పొరబడి లెక్క కడితే నష్టపోయేది మనమే.

కాబట్టి మనం చెయ్యాల్సింది: ప్యాకెట్ మీద ముందు గ్రాములు చూడాలి. ధరని గ్రాములతో భాగించి వెయ్యితో గుణిస్తే కిలో ధర తెలుస్తుంది. విడి నూనె కాటా మీదే తూయించుకోవాలి. తేడా వస్తే తూనికలు కొలతల శాఖకి, లేదా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చెయ్యాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది: నూనెకి పాత నిర్ణీత సైజులు మళ్లీ తేవాలి. గ్రాములు పెద్ద అక్షరాల్లో వేయించాలి. సంతల్లో, కొట్లలో కొలతలు తరచూ తనిఖీ చెయ్యాలి.

అమ్మేటప్పుడు మనల్ని గ్రాముతో సహా తూస్తున్నారు. కొనేటప్పుడు మనమూ గ్రాముతో సహా అడుగుదాం.