విమానంలో 7 ఏళ్ళు, వ్యాధితో 22 ఏళ్ళు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను డాక్టర్ని కాను. కాకినాడ కలెక్టరాఫీసులో ఫైళ్ళు నడిపి రిటైరైన గుమాస్తాను. ఆరోగ్యం గురించి నాకు తెలిసిందల్లా నా బి.పి. మాత్ర, పొద్దుటి నడక. అంచేత నేను దగ్గరుండి చూసిన ఒక రోగి గురించి చెబుతానన్నాను. మీలో చాలామంది ఆమెను ఎరుగుదురు. 2014 నుంచి వరుసగా నాలుగేళ్ళు మన సంఘం ఆఫీసులో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని మీ లైఫ్ సర్టిఫికెట్లు నింపిపెట్టిన మనిషి. మీరంతా 'విమానం అమ్మాయి' అనేవారు. మా అక్కయ్య కూతురు. పేరు అచ్చు వేయించవద్దని అక్కయ్య చెప్పింది కాబట్టి నేనూ మీరు పెట్టిన పేరుతోనే సరిపెడతాను.

1990లో ఆమెకు ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం వచ్చింది. మన ఇళ్ళలో అప్పట్లో ఆ ఉద్యోగమంటే చులకనే, దాచడమెందుకు? "ట్రేలు మొయ్యడానికా బి.ఎస్సీ. చదివించింది?" అన్నారు మా బావగారు. అమ్మాయి కోప్పడలేదు. ట్రైనింగులో నేర్పినవన్నీ చెప్పింది. మంటలార్పడం, గుండె ఆగినవాడికి ఛాతీ నొక్కడం, ఆకాశంలో నొప్పులొస్తే పురుడు పోయడం. సగం తలుపులు మూసుకుపోయినా 90 సెకన్లలో విమానం ఖాళీ చేయించవచ్చని రుజువైతేనే ఆ రకం విమానానికి అనుమతి ఇస్తారట. "కాఫీలివ్వడం మాకు మధ్యలో తీరిక దొరికితే చేసే పని, మావయ్యా" అంది. ప్రపంచంలో మొదటి ఎయిర్ హోస్టెస్ ఎలెన్ చర్చ్ అనే అమెరికన్ నర్సు అనీ, 1930 మే 15న విమానం ఎక్కిందనీ నాకు చెప్పింది కూడా ఈమే. నర్సు అన్న మాట విన్నాక అక్కయ్య కొంచెం మెత్తబడింది.

నాకు రూల్సు చదివే జబ్బు ఉంది కదా, ఆ ఉద్యోగం రూల్సు కూడా చదివాను. ఎయిర్ ఇండియాలో పూర్వం 35 ఏళ్ళు నిండినా, చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకున్నా, మొదటిసారి గర్భం వచ్చినా ఇంటికి పంపేవారు. నర్గేష్ మీర్జా అనే ఉద్యోగిని, ఇంకా కొందరు పోరాడితే 1981లో సుప్రీంకోర్టు గర్భం రూలు కొట్టేసింది. మిగిలిన రెండూ తప్పు కాదంది. వయసు రూలు తరవాత్తరవాత సడలింది. అయిదేళ్ళకోసారి ఇంక్రిమెంటు ఆగితేనే గోలచేసిన వాళ్ళం మనం. గర్భం వస్తే ఉద్యోగం పోయే సర్వీసు ఒకటి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

1997లో ఒకరోజు మద్రాసులో విమానం దిగి సిబ్బంది బస్సులో కూర్చుంది. కుడిచేతి వేళ్ళు వాటంతట అవే కొట్టుకున్నాయిట. పక్కనున్న పిల్లతో ఏదో చెప్పబోతే మాట రాలేదు. తరవాత స్పృహ తప్పింది. స్కాను తీస్తే మెదడుకు ఎడమ పక్క, ముందు భాగంలో గడ్డ. అందులో సున్నం పేరుకున్న చారలు కూడా ఉన్నాయి. వయసు 29.

వెల్లూరు తీసుకెళ్ళాం. మన దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగం 1949లో డాక్టర్ జేకబ్ చాందీగారు పెట్టింది అక్కడే. ఆ ఊళ్ళో లాడ్జీలలో, మందుల షాపుల్లో, ఇడ్లీ హోటళ్ళలో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. రోగం మనవాళ్ళనందరినీ ఒకచోట చేర్చిందా అనిపించింది. ఆపరేషన్ చేశారు. మాటకు సంబంధించిన చోటుకు ఆనుకుని ఉన్న ముక్క వదిలేశారు. అది కూడా తీస్తే మాట పోతుందన్నారు. పరీక్షలో తేలిన పేరు ఒలిగోడెండ్రోగ్లియోమా, గ్రేడు 2. ఆ పేరు పలకడం నాకు నాలుగు రోజులు పట్టింది.

ఇక్కడ ఒక్క మాట. బ్రెయిన్ క్యాన్సర్ అని అందరం ఒకే గాటన కట్టేస్తాం. అది ఒక్క జబ్బు కాదు. గ్లియోబ్లాస్టోమా అని ఒకటుంది. మంచి వైద్యం అందినా సగంమంది ఏడాదింపావు దాటరు. ఒలిగో అలా కాదు, నెమ్మదిగా పెరుగుతుంది. కణాల్లో 1వ, 19వ క్రోమోజోముల నుంచి చెరో ముక్క పోయి ఉంటుంది. ఆ ముక్కలు పోయిన గడ్డ మందుకూ రేడియేషనుకూ బాగా లొంగుతుందని 1990ల చివర తెలిసింది. కాబట్టి ఎవరింట్లోనైనా ఈ కష్టం వస్తే ముందు రిపోర్టులో పేరు, గ్రేడు చూడండి. ఎదురింటాయన బావమరిదికి ఏమైందో దాన్నిబట్టి లెక్క కట్టకండి.

ఎన్నాళ్ళు బతుకుతుందని అడిగాను. డాక్టరుగారు ఒక సగటు చెప్పి, ఇది మధ్య అంకె మాత్రమే అన్నారు. నాకు సీనియారిటీ లిస్టు గుర్తొచ్చింది. 100 మంది లిస్టులో 50వ వాడెక్కడున్నాడో చెబితే 90వ వాడి సంగతి తెలియదు కదా! బయటికొచ్చి అమ్మాయికి అదే చెప్పాను. "అయితే నా నంబరు ఎంతో ఎవరికీ తెలియదన్నమాట" అని నవ్వింది.

ఆపరేషన్ తరవాత కుడిచేతి పట్టు తగ్గింది. ఫిట్సు మందులు వేసుకుంటున్న మనిషి విమానంలో పనికిరాదు. అది సరైన రూలే, అమ్మాయి కూడా కాదనలేదు. కానీ 1998లో ఆఫీసువారు అసలు ఉద్యోగమే ఎందుకు తీసేయరాదో చెప్పమని కాగితం పంపారు. ఏ సంస్థ అనేది చెప్పను. ప్రభుత్వరంగ సంస్థ అంటే చాలు. ఆ కాగితం చూసి మా బావగారు మంచం పట్టారు. నేను వారం రోజులు లీవు పెట్టి చట్టాలు తిరగేశాను. 1995 వికలాంగుల చట్టం, 47వ సెక్షను. సర్వీసులో ఉండగా అంగవైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసేయరాదు, హోదా తగ్గించరాదు. ఆ పని చేయలేకపోతే అదే స్కేలులో వేరే పని ఇవ్వాలి. అదీ లేకపోతే ఒక పోస్టు అదనంగా సృష్టించి అయినా ఉంచాలి. చట్టం అమల్లోకి వచ్చి రెండేళ్ళే అయింది, ఆ సీటు గుమాస్తా చూసి ఉండడు. మెడికల్ బోర్డు సర్టిఫికెట్ జతచేసి, రెండు పేజీల అర్జీ రిజిస్టర్డు పోస్టులో పంపాను. అయిదు నెలలకు జవాబు వచ్చింది. నేలమీద డ్యూటీ, అదే జీతం. నా సర్వీసు మొత్తంలో వేల డ్రాఫ్టులు రాసి ఉంటాను. పనికొచ్చిందని నేను గట్టిగా చెప్పుకోగలిగింది ఆ ఒక్కటే. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2016 చట్టం ఉంది. అందులో 20వ సెక్షను చూడండి.

ఇక నేను తలదించుకోవాల్సిన సంగతి. 1999 మొదట్లో ఒక సంబంధం వచ్చింది. మంచి కుటుంబం. జబ్బు సంగతి ఇప్పుడే చెప్పవద్దు, పెళ్ళయ్యాక మెల్లగా చెప్పుకుందామని సలహా ఇచ్చింది నేనే. అక్కయ్య సరేనంది. పెళ్ళిచూపులనాడు కాఫీ గ్లాసులు అందించి అమ్మాయే అందరి ముందూ చెప్పేసింది. జబ్బు పేరు, ఆపరేషన్ తేదీ, వేసుకునే మాత్రలు, అన్నీ. వాళ్ళు మర్యాదగానే లేచి వెళ్ళిపోయారు. నేను కేకలేశాను. "విమానం ఎగరకముందే ఆక్సిజన్ మాస్కు ఎలా తగిలించుకోవాలో చూపిస్తాం, మావయ్యా. పడేటప్పుడు చూపిస్తే ఏం లాభం?" అంది. తరవాత హిందూ వివాహ చట్టం తీసి చూశాను. తరచు మూర్ఛ వచ్చే మనిషితో పెళ్ళిని రద్దు చేయించుకోవచ్చని అప్పటికి అందులో ఉంది. ఆ ఏడాది చివర్లోనే సవరణ చేసి ఆ మాట తీసేశారు. నా సలహా విని ఉంటే ఆ పిల్లను కోర్టు మెట్లెక్కించి ఉండేవాణ్ణి. చట్టం సంగతి అలా ఉంచి, అసలు దాచమనడమే తప్పు. ఆ మాట ఆమెతో అనడానికి నాకు పదేళ్ళు పట్టింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు.

ఆమె దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. ఫిట్సు ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎంతసేపు, ఆ రోజు మాత్ర మరచిపోయిందా, నిద్ర తక్కువైందా, అన్నీ కాలమ్స్ గీసి రాసేది. నేను చూసిన ఏ సర్వీసు రిజిస్టరూ అంత శుభ్రంగా లేదు. మొదట వేసుకున్న మాత్రకు పళ్ళ చిగుళ్ళు వాచాయని కూడా అందులోంచే డాక్టరుగారు పట్టుకుని మందు మార్చారు.

2006లో మిగిలిన ముక్క పెరిగింది. ఆరు వారాలు రేడియేషన్. తలకు అచ్చుపోసిన తొడుగు వేసి బల్లకు బిగిస్తారు. తరవాత మూడు మందులు కలిపిన కీమోథెరపీ. ఇలా రెండూ కలిపి ఇవ్వడం మేలా అని అమెరికాలో 1998లోనే ఒక పరిశోధన మొదలైంది. నెమ్మదిగా పెరిగే ఇలాంటి గడ్డలున్నవారిలో రేడియేషన్ ఒక్కటే ఇస్తే మధ్య అంకె 7.8 ఏళ్ళు, మందులు కూడా ఇస్తే 13.3 ఏళ్ళు అని 2016లో ప్రకటించారు. అమ్మాయి ఆ ఫలితం చదివి నాకు ఫోను చేసి, "మన లిస్టులో మధ్యవాడు ముందుకు జరిగాడు" అంది.

2012లో తనంతట తాను ఉద్యోగం మానుకుని కాకినాడ వచ్చేసింది. మాట వెతుక్కోవలసి వచ్చేది. ఇంగ్లీషు మాటలు ముందు జారిపోయాయి, తెలుగు నిలిచింది. ఖాళీగా కూర్చోలేక మన ఆఫీసుకు వచ్చింది. 2015లో ఒక మధ్యాహ్నం మీ అందరి ముందే ఫిట్ వచ్చిన సంగతి గుర్తుండే ఉంటుంది. వేళ్ళు తిమ్మిరెక్కగానే స్టాంపు ప్యాడ్ పక్కన పెట్టి, నేలమీద కూర్చుని "సీటు బెల్టు" అంది. అది మాకు గుర్తు. మనవాళ్ళొకరు తాళంచేతుల గుత్తి తెచ్చి చేతిలో పెట్టబోయారు. ఇనుము వల్ల ఏమీ కాదు. ఉల్లిపాయ కూడా వద్దు. నోట్లో చెంచా అసలే వద్దు, పళ్ళు విరుగుతాయి. చుట్టూ ఉన్న కుర్చీలు జరిపి, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆ రోజు రెండు నిమిషాల్లో ఆగింది. అరగంట పడుకుని లేచి, "తరవాత ఎవరండీ?" అని మళ్ళీ పెన్ను తీసుకుంది.

2018లో గడ్డ తిరగబెట్టింది. ఈసారి గ్రేడు 3. వేరే మాత్రలు ఇచ్చారు, కొన్నాళ్ళు పనిచేశాయి. స్టెరాయిడ్ల వల్ల ముఖం ఉబ్బింది, ఆకలి విపరీతంగా ఉండేది, అర్ధరాత్రి పెసరట్టు అడిగేది. అక్కయ్య 75 ఏళ్ళ వయసులో లేచి పోసేది. చివరి మూడు నెలలు మాట లేదు. 2019 అక్టోబరులో పోయింది. 51 ఏళ్ళు.

పదో రోజు అయ్యాక అక్కయ్య ఆ నోటుబుక్కు నా చేతికిచ్చింది. చివరి ఫిట్సు లెక్కలు అక్కయ్య రాసినవే. వెనకవైపు తిరగేస్తే ఎడమచేత్తో వంకరటింకరగా రాసిన నాలుగు పేర్లు, వీధులు ఉన్నాయి. పైన 'నవంబరు, ఇంటికెళ్ళాలి' అని ఉంది. మంచం దిగలేని మన సభ్యుల పేర్లవి. ఆ నవంబరులో నేను ఫారాలు పట్టుకుని ఆ నాలుగు ఇళ్ళకూ వెళ్ళాను. సంతకాలు తెచ్చి ట్రెజరీలో ఇచ్చాను. ఆ నలుగురిలో ఒకాయన ఇవాళ చక్రాల కుర్చీలో ఈ సభకు వచ్చారు. నవంబరు దగ్గర పడింది, వారి ఫారం నా సంచీలోనే ఉంది.