ఎడారిలో వేడినీళ్ల ఊరు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఇరిగేషన్ శాఖ విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలో చూసిన ఊళ్లలో ఒకదాని గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారి ఆదేశం. న్యూయార్కు, నయాగరా మీలో చాలామంది పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు చూసి వచ్చినవే. అందుచేత మనవాళ్లు అంతగా వెళ్లని ఒక చిన్న ఊరిని ఎంచుకున్నాను. ఇరిగేషన్‌లో పనిచేసినవాణ్ణి గనుక నీళ్ల మాట ఎక్కువగా దొర్లితే మన్నించగలరు.

న్యూ మెక్సికో రాష్ట్రంలో ఆల్బుకర్కీ నగరానికి దక్షిణంగా సుమారు 150 మైళ్ల దూరంలో, రియో గ్రాండే నది ఒడ్డున ఉందా ఊరు. 2020 జనాభా లెక్కల ప్రకారం జనం 6 వేల పైచిలుకు. చుట్టూ ఎడారి. ఏడాది మొత్తానికి వాన 10 అంగుళాలకు అటూ ఇటూ. కరువు జిల్లా అని మనం చెప్పుకునే అనంతపురంలో దానికి రెట్టింపు పడుతుంది.

ఊరి పాత పేరు హాట్ స్ప్రింగ్స్, అంటే వేడినీటి ఊటలు. ఇప్పటి పేరు ట్రూత్ ఆర్ కాన్సిక్వెన్సెస్. "నిజం చెప్పు, లేదా ఫలితం అనుభవించు" అని అర్థం చెప్పుకోవచ్చు. ఇది 1940లో మొదలైన ఒక రేడియో కార్యక్రమం పేరు. ప్రశ్నకు జవాబు చెప్పలేనివారు ఏదో ఒక తమాషా పని చేయాలి. కార్యక్రమానికి పదేళ్లు నిండిన సందర్భంగా, తమ ఊరికి ఈ పేరు పెట్టుకున్నవారి దగ్గర నుంచే ప్రసారం చేస్తామని నిర్వాహకుడు రాల్ఫ్ ఎడ్వర్డ్స్ ప్రకటించారు. ఊరివాళ్లు ఓటింగు పెట్టుకుని 1950లో పేరు మార్చేసుకున్నారు. ఎడ్వర్డ్స్ గారు కూడా మాట మరిచిపోలేదు. దాదాపు 50 ఏళ్లపాటు ఏటా మే నెలలో జరిగే ఊరి ఉత్సవానికి వస్తూనే ఉన్నారు. ఆయన 2005లో కాలం చేశారు. ఊరి మ్యూజియంలో ఆయన పేర ఒక గది ఉంది.

పేరు కథ వినోదంగానే ఉంటుంది. కానీ ఆ ఊరిని బతికించింది పేరు కాదు, నీళ్లు. అవి రెండు రకాలు.

మొదటిది భూమిలోంచి వచ్చే వేడినీరు. సుమారు 100 నుంచి 115 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి. గంధకపు వాసన ఉండదు. తెల్లవాళ్లు రాకముందు నుంచీ అపాచీ తెగవారు ఈ ఊటలను వాడుకునేవారు. ఇప్పుడు ఊరి నడిబొడ్డున స్నానశాలలున్నాయి. గంట లెక్కన రుసుము కట్టి తొట్టిలో కూర్చోవచ్చు. మోకాళ్ల నొప్పులవారికి హాయిగా ఉంటుంది. అయితే గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు డాక్టరును అడగకుండా దిగరాదు. దిగినా పది పదిహేను నిమిషాలు మించరాదు.

ఈ నీళ్ల వల్ల జరిగిన గొప్ప మేలు మరొకటుంది. 1937లో అక్కడ పోలియో పిల్లల కోసం కేరీ టింగ్లీ ఆసుపత్రి పెట్టారు. అప్పటి గవర్నరు క్లైడ్ టింగ్లీ భార్య పేరది. ఆసుపత్రి 1981లో ఆల్బుకర్కీకి తరలిపోయింది. భవనాన్ని మాత్రం పాడుపెట్టలేదు. మాజీ సైనికుల వృద్ధాశ్రమంగా మార్చారు. పెన్షనర్లమైన మనం గుర్తుంచుకోదగ్గ విషయం ఇది.

రెండవది నది. ఊరికి ఎగువన ఎలిఫెంట్ బ్యూట్ డ్యామ్ ఉంది. జలాశయం మధ్య ఏనుగు ఆకారంలో ఒక గుట్ట ఉండడంతో ఆ పేరు వచ్చింది. 1916లో పూర్తయిన ఈ డ్యామ్ ఎత్తు 301 అడుగులు. నిల్వ సామర్థ్యం సుమారు 20 లక్షల ఎకరా అడుగులు, అంటే మన లెక్కలో 87 టీఎంసీల పైమాటే. 1906 ఒప్పందం ప్రకారం ఏటా 60 వేల ఎకరా అడుగులు, అంటే రెండున్నర టీఎంసీల పైన, మెక్సికో దేశానికి ఇవ్వాలి. దిగువన 40 మైళ్లలో ఉన్న హ్యాచ్ అనే పల్లె మిరపకు ప్రసిద్ధి. మన గుంటూరు మిరపకు పూర్వీకులు కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవేనని మరువకండి. హ్యాచ్ మిరప పొలాలకు ఈ డ్యామ్ నీళ్లు అందుతాయి.

మేము మార్చి మొదట్లో వెళ్లాం. నది సన్నని పాయగా ఉంది. సేద్యపు కాలం వచ్చి పైన గేట్లు ఎత్తితేనే అక్కడ నది నిండేది. మన కాలువ చివరి భూముల రైతులకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. 2013 వేసవిలో జలాశయంలో నీరు 3 శాతానికి పడిపోయింది. ఆ ఏడాదే టెక్సాస్ రాష్ట్రం తన వాటా కోసం న్యూ మెక్సికో మీద సుప్రీంకోర్టులో దావా వేసింది. రాష్ట్రాలు రాజీకి వచ్చినా, కేంద్ర ప్రభుత్వ అభ్యంతరం వల్ల కోర్టు 2024లో ఆ రాజీని తోసిపుచ్చింది. కృష్ణా జలాల తగాదాలతో ఉద్యోగ జీవితం గడిపిన నాకు పరాయి దేశంలో ఉన్నట్టే అనిపించలేదు.

చివరగా మనకు సంతోషం కలిగించే మాట ఒకటి. నదికి తూర్పున నీళ్లు దొరకని మైదానం ఉంది. స్పెయిన్ వారి కాలంలో బాటసారులు సుమారు 90 మైళ్లు నీరు లేకుండా దాటేవారు. దానికి చనిపోయిన మనిషి ప్రయాణం అనే అర్థంతో హోర్నాడా డెల్ మువెర్తో అని పేరు. ఇప్పుడు ఆ మైదానంలోనే అంతరిక్ష నౌకల కేంద్రం స్పేస్‌పోర్ట్ అమెరికా ఉంది. చీరాలలో పుట్టిన బండ్ల శిరీష 2021 జూలై 11న రోదసిలోకి వెళ్లింది అక్కడి నుంచే.

ఊరి పేరును ఓటు వేసి మార్చుకోవచ్చు. వానను, నదిని ఓటు వేసి తెచ్చుకోలేం. ఉన్న నీటిని లెక్కగా వాడుకోవడం, పాత భవనాన్ని, పాత మనుషులను పారవేయకుండా చూసుకోవడం ఆ చిన్న ఊరి నుంచి మనం నేర్చుకోదగ్గవి. మీ పిల్లలు ఆ చుట్టుపక్కల ఉంటే ఒక్క రోజు తీరిక చేసుకుని చూసి రండి.