జల్లుకుళాయి కారినచో ఇంటనే బాగుచేయు విధము



హైదరాబాదు పాతబస్తీకి దక్షిణమున ఫలక్‌నుమా గుట్ట గలదు. అచ్చటివారు కుళాయిని నల్లా యందురు. 1908లో మూసీ వరద నగరమును ముంచిన పిదప నిర్మింపబడి, 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరు నీరును, అటుపిమ్మట వచ్చిన మంజీరా నీరును నగరమునకు చాలకపోయెను. 2004 నుండి కృష్ణాజలములు నూరు కిలోమీటరులకు పైగా గొట్టములలో, పంపులచే నెత్తబడి వచ్చుచున్నవి. ఇంత శ్రమతో వచ్చిన నీరు స్నానపుగదిలో బొట్టుబొట్టుగా మోరీపాలగుట తగునా?

సెకండునకొక బొట్టు చొప్పున దినమునకు 86,400 బొట్లు. 20 బొట్లొక మిల్లీలీటరను లెక్కను దినమునకు నాలుగు లీటరులకు పైమాట. నెలకు సుమారు 130 లీటరులు.

కారుట రెండు తెరగులు. పిడి కట్టినను జల్లుమూతినుండి బొట్లు ఆగక రాలినచో లోపలి రబ్బరు వాషరు అరిగినదని గ్రహింపవలెను. కట్టిన వెనుక కొంతసేపు మాత్రము రాలి ఆగినచో అది గొట్టమున మిగిలిన నీరే, దోషము కాదు. నీరు విడిచినపుడు పిడిమొదట ఊరినచో కాడచుట్టు బిగింపు సడలినదని యర్థము.

మొదట మిద్దెపై తొట్టినుండి వచ్చు గొట్టపు వాల్వు మూసి, పిడి త్రిప్పి మిగిలిన నీటిని విడువుడు. మోరీపై గుడ్డ పరువుడు. లేకున్న చిన్న మరచీల జారిపోవును. పిడి నడిమి మూత లేపి, మరచీల విప్పి, పిడిని ఊడదీయుడు. పిడిమొదట ఊరునదైనచో, కాడచుట్టునున్న చిన్న నట్టును పావుచుట్టు బిగించిన చాలును. ఆగకున్న పాతనూలు తీసి, క్రొత్తనూలు చమురుతో తడిపి చుట్టుడు. వాషరు అరిగినచో, పెద్ద నట్టును పానాతో ఎడమకు త్రిప్పగా కాడ వెలికివచ్చును. వాషరు దాని కొననుండును. ఆ పాతదానినే అంగడికి గొనిపోయి సరియైన కొలతది తెండు. క్రొత్తరకపు కుళాయిలలో వాషరునకు మారుగా పింగాణిబిళ్లల కార్ట్రిడ్జి యుండును; దానిని మొత్తముగా మార్చవలెను.

కారుచున్నదని పిడిని బలముకొలది బిగింపకుడు. అట్లు చేసినచో వాషరు నలిగి, అది ఆనుకొను ఇత్తడి అంచు చెడును. చిన్న వాషరుతో తీరునది కుళాయి మొత్తమునకు చేటగును.

నేడు పల్లెలలోను ఇంటింటికి నల్లా వచ్చినది. బావిలో చేదినపుడు నీటి బరువు చేతికి తెలిసెడిది. నల్లా త్రిప్పు పిల్లలకది తెలియదు. కావున ఈ పని చేయునపుడు వారిని ప్రక్కన నిలిపి, పానా వారి చేతికే యిండు.